‘సిన్స్’ దగ్గర తడబడకుండా

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. ఇంటర్వ్యూకి ముందు ఇంగ్లిషులో ఒక్క మాటే సరిచేసుకునే తీరిక ఉంటే ‘సిన్స్’ని పట్టుకో. మనవాళ్ళు దొరికిపోయేది ఎక్కువగా అక్కడే. తప్పంతా మన ‘నుంచి’ది. ‘2019 నుంచి’ అంటాం, ‘ఐదేళ్ల నుంచి’ అనీ అంటాం. తెలంగాణలో ‘సంది’ కూడా అంతే: పొద్దున సంది, రెండు దినాల సంది. ఇంగ్లిషులో వీటికి వేరువేరు మాటలు. ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్, ఎంతకాలం గడిచిందో చెబితే ఫర్.

తేల్చుకునే కిటుకు తెలుగులోనే ఉంది. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడు. ‘ఐదేళ్లుగా’ కుదిరింది, కనుక ఫర్ ఫైవ్ ఇయర్స్. ‘2019గా’, ‘సోమవారంగా’, ‘నిన్నగా’ అని ఎవరూ అనరు, అవన్నీ సిన్స్. బడి లీవ్ లెటర్లలో తరతరాలుగా నడుస్తున్న ‘ఫీవర్ సిన్స్ టూ డేస్’ని ఇలా చూస్తే ‘రెండు రోజులుగా’ కుదురుతుంది, అంటే ఫర్ టూ డేస్. ‘ఇట్ ఈజ్ త్రీ ఇయర్స్ సిన్స్ ఐ లెఫ్ట్ కాలేజ్’ మాత్రం తప్పు కాదు. అక్కడ మూడేళ్లు సిన్స్‌కి ముందున్నాయి, దాని తర్వాత వచ్చింది కాలేజీ వదిలిన రోజే.

రెండో చిక్కు క్రియది. మనం ‘2019 నుంచి పనిచేస్తున్నాను’ అంటాం కదా, అదే నోటికొచ్చి ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ 2019’ అయిపోతుంది. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్’ అనాలి. ‘నో’ (know, తెలిసి ఉండటం) లాంటి క్రియలకు ఆ ‘ఇంగ్’ పనికిరాదు: ‘ఐ హావ్ నోన్ హర్ సిన్స్ 2019’. ఇక ‘ఐ వర్క్‌డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అన్నావో, మానేశావని అర్థం. ఇంటర్వ్యూలో ఇది చిన్న తేడా కాదు.

జరగబోయేదానికి సిన్స్ రాదు. ‘రేపటి నుంచి’ అంటే ఫ్రమ్ టుమారో. తొమ్మిది నుంచి అయిదు దాకా అన్నా ఫ్రమ్మే.

సిన్స్‌కి ‘కాబట్టి’ అనే అర్థమూ ఉంది, ఎదుటివాళ్ళకు ముందే తెలిసిన కారణానికి. ‘ఎందుకు?’ అని సూటిగా అడిగితే జవాబు బికాజ్‌తోనే చెప్పు. సిన్స్‌తో మొదలెట్టిన వాక్యం మధ్యలో మళ్ళీ ‘సో’ తగిలించకు. ‘సిన్స్ హీ లెఫ్ట్, ది వర్క్ హాజ్ స్టాప్డ్’ అని మెయిల్ పెడితే, అతను వెళ్ళినప్పటి నుంచా, వెళ్ళాడు కాబట్టా అన్నది చదివేవాళ్ళకు తేలదు. కారణమే చెప్పదలిస్తే అక్కడా బికాజ్ రాసెయ్.

ఉంటాను,
పెదనాన్న