ఫోను కండక్టర్ చేతిలో ఉండాలి

హన్మకొండ

బిడ్డా,

మీ బాపు నిన్న సాయంత్రం వచ్చి విమానం టికెట్లు చూపించి పోయాడు. వచ్చే నెల మీ అమ్మనూ బాపునూ కాలిఫోర్నియాలో కార్మెల్ ఊరి నుంచి బిగ్ సర్ కొండల మీదుగా సముద్రం పక్క రోడ్డు మీద తిప్పుతావట. గైడు లేకుండా, ఫోన్‌లో ఆడియో టూర్ పెట్టుకుని. వినగానే సంతోషమైంది, ఆ వెనకే కొంచెం టెన్షన్ కూడా వచ్చింది. ఆ రోడ్డు మీద మేము రెండుసార్లు పోయాం. మొదటిసారి ఏమైందో మీ అక్క నీకు సగమే చెప్పి ఉంటుంది. మిగతా సగం నేను రాస్తున్నాను.

31 ఏండ్లు ఆర్టీసీ బస్సు నడిపినవాణ్ణి. ములుగు, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం, ఎక్కువగా ఆ రూటే. అమెరికాలో నేను స్టీరింగ్ ముట్టలేదు. కానీ పక్క సీట్లో కూర్చున్నా నా కుడికాలు బ్రేకు తొక్కుతూనే ఉంటుంది. ఇది ఆ కాలు రాయిస్తున్న ఉత్తరం అనుకో.

ఆడియో టూర్ అంటే మొదట నేను క్యాసెట్ లాంటిదనుకున్నాను, వేస్తే ఆ చివరిదాకా వాగుతుందని. అది అట్లా పనిచేయదు. కారు ఫలానా చోటికి చేరగానే ఫోను దానంతట అదే ఆ చోటు గురించి మాట్లాడుతుంది. తానెక్కడుందో ఫోను ఉపగ్రహాల సిగ్నల్ పట్టి తెలుసుకుంటుంది, అందుకు నెట్ అక్కర్లేదు. అయితే మ్యాపూ మాటలూ మాత్రం ముందే ఫోన్‌లోకి దిగి ఉండాలి. ఈ తేడా తెలియకనే మేము మునిగాం.

మీ బావ ఆ టూరు కొన్నది కార్మెల్‌లో, పెట్రోల్ పోయించుకుంటూ. డౌన్‌లోడ్ గుర్తు గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ‘దారిలో అయిపోతుందిలే మామయ్యా’ అన్నాడు. పాయింట్ లోబోస్ దాటామో లేదో సిగ్నల్ పోయింది. అక్కడినుంచి దక్షిణాన శాన్ సిమియన్ ఊరి దగ్గరికి వచ్చేదాకా చాలా దూరం సిగ్నల్ ఉండదు, మన తాడ్వాయి అడవి లెక్కనే. ఆ గొంతు ఏదో కథ మొదలుపెట్టి సగం వాక్యంలో ఆగిపోయింది. మీ బావ ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని ఇంకో చేత్తో ఫోను గెలకడం మొదలుపెట్టాడు. ఎడమ పక్క కొండ, కుడి పక్క లోయ, దాని కింద సముద్రం. మధ్యలో వచ్చేవాళ్ళకొక వరుస, పోయేవాళ్ళకొక వరుస, అంతే రోడ్డు. ఎదురుగా ఇల్లంత బండి ఒకటి మలుపు తిరుగుతోంది. వండుకోవడం, పడుకోవడం అన్నీ అందులోనే చేసుకునే బండి అది. మీ బావ బొటనవేలు ఫోను అద్దం మీద పైకీ కిందికీ తిరుగుతోంది. కుడివైపు తెల్ల గీత మెల్లగా మా చక్రం కిందికి వచ్చింది.

‘ఆపూ’ అని అరిచాను. నా సర్వీసులో నేనట్లా ఎన్నడూ అరవలేదు. పక్కన జాగా కనబడగానే కారు ఆపాడు. వెనక సీట్లో మీ పెద్దమ్మ కళ్ళు మూసుకుని సమ్మక్కకు ఎత్తు బెల్లం మొక్కుతోంది. ఆ రోజు ఇంకేమీ వినలేదు. బిక్స్‌బీ బ్రిడ్జి దాకా పోయి, నాలుగు ఫోటోలు దిగి, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా వెనక్కి వచ్చాం.

రెండోసారి పోయేముందు ఒక షరతు పెట్టాను. డ్రైవర్ ఫోను ముట్టొద్దు. మా మనుమడికి అప్పుడు 11 ఏండ్లు. ఫోను వాడి చేతిలో పెట్టి, ‘మీ నాన్న డ్రైవర్, నువ్వు కండక్టర్. ఒక గంట కొడితే బండి ఆగాలి, రెండు కొడితే పోవాలి’ అని చెప్పాను. వాడు దాన్ని నాకంటే సీరియస్‌గా తీసుకున్నాడు. నువ్వు ఇంకేది మరిచిపోయినా సరే, కారులో ఒకరిని కండక్టర్‌ను చేయడం మరిచిపోవద్దు. కాలిఫోర్నియా చట్టం కూడా ఇదే చెబుతుంది, నడిపేవాళ్ళు ఫోను చేత్తో పట్టుకోకూడదు. డ్యాష్‌బోర్డు మీద బిగించి ఉంటే ఒక్కసారి తాకడానికో జరపడానికో మాత్రం ఒప్పుకుంటారు. ఇంకొకటి, రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడపడం అక్కడ తప్పు. అందుకని కారు స్పీకర్ల మీదనే వినండి, అందరికీ వినబడుతుంది కూడా.

కండక్టర్‌కు పనేమీ ఉండదనుకోకు. మన రామప్ప గుడిలో గైడు శిల్పం మీదికి లైటు వేసి చూపిస్తాడు. మనం చూశామా లేదా అని మన మొహం చూస్తాడు. అవసరమైతే మళ్ళీ చెబుతాడు. ఫోన్‌లో గొంతుకు మన మొహం కనబడదు. కొంచెం వేగంగా పోతే ‘మీ కుడి పక్కన చూడండి’ అనేసరికి ఆ కుడి పక్క మన వెనకకు పోయి ఉంటుంది. ఒక కథ అయిపోకముందే ఇంకోటి నెత్తిన పడుతుంది. నెమ్మదిగా పోతే చూడటం, వినడం రెండూ కుదురుతాయి. మాటకూ మాటకూ మధ్య ఆపే బటన్ నొక్కి, విన్నది తెలుగులో చెప్పాలి. అదే కండక్టర్ అసలు డ్యూటీ. మీ అమ్మకు ఆ ఇంగ్లీషు యాస అందదు. చెప్పకపోతే ఊరికే కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది, అడగను కూడా అడగదు.

మా మనుమడి తెలుగు ఎట్లా ఉంటుందో నీకు తెలుసు కదా. పియెద్రాస్ బ్లాంకాస్ బీచ్ దగ్గర ఎలిఫెంట్ సీల్స్ అనే సముద్రపు జంతువుల గురించి గొంతు చెప్పింది. వాడు బటన్ నొక్కి, ‘అమ్మమ్మా, ఇక్కడ ఏనుగులు ఇసుకలో పడుకుంటాయట’ అన్నాడు. ఇక మీ పెద్దమ్మ పది నిమిషాలు ఏనుగును వెతుకుతూనే ఉంది. దిగి కంచె దగ్గరికి పోయి చూస్తే, ఎండలో బస్తాలు దొర్లించినట్టు వందల జంతువులు. పెద్ద మగవాటికి తొండం లెక్క ముక్కు వేలాడుతుంటుంది, 2,000 కిలోలు దాటేవీ ఉంటాయట. ఒకటి లేచి ఇంకోదాని మీద గుర్రుమంటే, మీ పెద్దమ్మ ‘మన వరంగల్ బస్టాండులో సీటు కాడ కొట్లాడినట్టే ఉన్నది’ అంది. చూడటానికి అక్కడ డబ్బులు తీసుకోరు. కంచె మాత్రం దాటొద్దు.

ఇక ఏ వైపు నుంచి పోవాలో చెబుతాను. నువ్వు శాన్ హోసేలో ఉంటావు కాబట్టి ఎట్లాగూ ఉత్తరం నుంచి దక్షిణానికే వస్తావు. అదే మంచిది. అక్కడ కుడి పక్కన నడపాలి, దక్షిణానికి పోతుంటే సముద్రం కుడి పక్కనే ఉంటుంది. ఆగే జాగాలకు ఎదురు బండ్లను దాటకుండా సాఫీగా పక్కకు తీయొచ్చు. తిరుగు దారిలో ఆ జాగాలు రోడ్డుకు అవతల పడతాయి, మలుపుల్లో అడ్డంగా తిప్పడం ప్రమాదం. అందుకే చూడదలచుకున్నవన్నీ పోయేటప్పుడే చూసేయండి, వచ్చేటప్పుడు ఊరికే నడుపు. టూరు కొనేటప్పుడు కూడా అది ఏ వైపు పోయేవాళ్ళకు చేసిందో చూసుకో. ఒకే వైపుకు చేసినవి ఉంటాయి, ఎదురు పోతే కథ తలకిందులవుతుంది.

ముందు రోజు ఇంట్లో వైఫై మీద మొత్తం దించుకో. తర్వాత ఫ్లైట్ మోడ్‌లో పెట్టి మధ్యలోది ఒకటి, చివరిది ఒకటి వాగించి చూడు. మొదటిది వినబడింది కదా అని నమ్మకు, మాకూ మొదటిది వినబడింది. లొకేషన్ ఆన్‌లో ఉండాలి, బ్యాటరీ సేవర్ ఆఫ్‌లో ఉండాలి, చార్జర్ వైరు వెనక సీటు దాకా అందాలి. దారి చూపే మ్యాప్ గొంతు మూసేయి. కార్మెల్ దాటాక ఉన్నది ఒకటే రోడ్డు, దానికి దారి చెప్పేవాళ్ళు ఎందుకు? రెండు గొంతులు ఒకేసారి మాట్లాడితే అంగడిలో ఉన్నట్టుంటుంది.

బయలుదేరే పొద్దున రోడ్డు తెరిచి ఉందో లేదో అక్కడి రవాణా శాఖ క్యాల్‌ట్రాన్స్ మ్యాపులో చూసుకో. ఆ కొండలు నిలకడ లేనివి. 2017లో మడ్ క్రీక్ దగ్గర కొండ విరిగి పడి రోడ్డు ఏడాదికి పైగా మూసుకుపోయింది. 2024లో రాకీ క్రీక్ దగ్గర సముద్రం వైపు రోడ్డు ముక్కే జారిపోయింది. ఆడియోలో గొంతుకు ఇవేమీ తెలియవు, ఎప్పుడో రికార్డు చేసింది కదా. అది ‘ముందుకు పదండి’ అనే అంటుంది. పెట్రోలు కార్మెల్‌లోనే నిండా పోయించు, లోపల బంకులు తక్కువ, ధరలు మండిపోతాయి. బాత్రూం సంగతీ అక్కడే చూసుకోండి, మీ బాపుకు షుగర్ ఉంది.

పొగమంచు గురించి కూడా చెప్పాలి. మనం సముద్రం లేని ఊరి వాళ్ళం. కేసముద్రం ఉంది కానీ అక్కడ దొరికేది రైలు. కాకతీయులు చెరువు తవ్వించి గణపసముద్రం అని పేరు పెట్టుకున్నారు, మన ముచ్చట అట్లా తీరింది. అందుకే మీ అమ్మ ‘ఎండాకాలం కదా, సముద్రం నీలంగా మెరుస్తుంది’ అని ఊహించుకుని వస్తుంది. అక్కడ నీళ్ళు ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటాయి. వాటి మీదుగా వచ్చే గాలి చల్లబడి పొగమంచై ఒడ్డుకు చేరుతుంది. పొద్దున పూట చాలాసార్లు ఏమీ కనబడదు. మధ్యాహ్నానికి విడిపోవచ్చు, విడిపోకపోవచ్చు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తేటగా ఉంటుంది. స్వెటర్లు పెట్టుకోమను. అలల దగ్గరికి మాత్రం పోనివ్వకు, ఒక్కోసారి ఉన్నట్టుండి పెద్ద అల వస్తుంది.

నీ వెనక ఐదు బండ్లు, అంతకన్నా ఎక్కువ కూడితే, పక్కన జాగా ఉన్నచోట ఆగి దారి ఇవ్వాలని అక్కడ రూలుంది. నాకు ఆ దేశంలో బాగా నచ్చిన రూలు అదే. వెనకవాడు తోస్తున్నాడని వేగం పెంచొద్దు, పక్కకు తీసి పంపించు. ఆ కాసేపు కండక్టర్‌కు తెలుగు చెప్పడానికి వీలవుతుంది.

కార్మెల్ నుంచి శాన్ సిమియన్ దాదాపు 145 కిలోమీటర్లు. చెప్పుకోవడానికి హన్మకొండ నుంచి హైదరాబాద్ అంత. కానీ ఆగుతూ పోతే పొద్దంతా పడుతుంది. పెద్దవాళ్ళతో అదే రోజు పోయి రావొద్దు. రాత్రికి శాన్ సిమియన్‌లోనో, దాని పక్క ఊరు కేంబ్రియాలోనో గది తీసుకో. గది దొరక్కపోతే కార్మెల్ నుంచి 60 కిలోమీటర్ల దూరంలో మెక్‌వే జలపాతం దాకా పోయి తిరిగి రా, తక్కువేమీ కాదు.

బిక్స్‌బీ బ్రిడ్జి దాటకముందే కుడి పక్కన ఆగే జాగా ఉంటుంది. జనం రోడ్డు మీదికి వచ్చి ఫోటోలు దిగుతుంటారు, జాగ్రత్త. 1932లో కట్టింది, వాగు మీద 260 అడుగుల ఎత్తున కాంక్రీటు వంపు. ఆ రోడ్డు మొత్తం వేయడానికి 18 ఏండ్లు పట్టిందట, జైలు నుంచి ఖైదీలను తెచ్చి పని చేయించారట, 1937లో తెరిచారట. రెండోసారి ఇది విన్నప్పుడు నేను మనుమడితో ఒక గంట కొట్టించాను. కారు దిగి ఆ కొండ కోసిన గోడ కాసేపు చూశాను. రోడ్డు మీద బతికినవాడికి రోడ్డు వేసినవాళ్ళ మాట వింటే అట్లా ఆగాలనిపిస్తుంది. మిగతావాళ్ళు నన్ను చూసి నవ్వారు.

మెక్‌వే దగ్గర ఇంకోటి జరిగింది. 80 అడుగుల నుంచి నీళ్ళు నేరుగా ఇసుక మీద పడతాయి. కిందికి దిగనివ్వరు, పైనుంచే చూడాలి. కారులో గొంతు ఇంకా చెబుతూనే ఉంది, మనుమడు ఎవరూ చెప్పకుండానే నొక్కి ఆపేశాడు. ‘అమ్మమ్మా, దిగు’ అన్నాడంతే. ఆ తర్వాతి రెండు ముక్కలు మేము వినలేదు. ఇంటికి వచ్చాక విన్నాం, వంట చేసుకుంటూ.

ముందు సీట్లో మీ అమ్మను కూర్చోబెట్టు. మేడారం పోయినప్పుడు తాడ్వాయి మలుపుల్లో ఆమెకు వాంతులైన సంగతి నాకు తెలుసు, బస్సు నడిపింది నేనే. కడుపు నిండా తిననివ్వొద్దు. సర్వపిండి ముక్క ఒకటి, నిమ్మకాయ ఒకటి చేతికివ్వు. మీ బాపును వెనక సీట్లో వేసి కండక్టర్ పని అప్పగించు. 30 ఏండ్లు పంతులు ఉద్యోగం చేసినవాడు, ఇంగ్లీషు వచ్చు, తెలుగులో చెప్పడం అంతకంటే బాగా వచ్చు. గొంతు చెప్పిన దానికి సొంతంగా నాలుగు కలుపుతాడు, కలపనివ్వు.

ఆయన పెట్టెలో మా పాత కండక్టర్ ఒకాయన ఇచ్చిన విజిల్ పెట్టి పంపుతున్నాను. మనుమడికి ఇస్తానన్న మాట ఉంది, మీ అక్క ఇంటికి చేర్చు. అంతలోపు కారు అద్దాలు ఎత్తి ఉన్నప్పుడు మాత్రం మీ బాపును ఊదనివ్వకు.

మీ పెద్దబాపు