డేకేర్ ఫీజు కోసం పర్సనల్ లోన్ వద్దు

ప్రశ్న: మావి ప్రైవేటు ఉద్యోగాలు. చేతికొచ్చే జీతం ఆయనకు 42 వేలు, నాకు 36 వేలు. ఏడాదిన్నర పాపను డేకేర్‌లో చేర్చాం, నెలకు 15 వేలు. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 38 వేలు, కారు ఈఎంఐ 9 వేలు. ఏడాది ఫీజు ఒకేసారి కడితే 10 శాతం తగ్గిస్తామంటున్నారు. 16 శాతానికి పర్సనల్ లోన్ తీసుకుని కట్టేద్దామనుకుంటున్నాం. అడ్మిషన్‌కు కట్టిన 20 వేలు క్రెడిట్ కార్డు మీదే ఉన్నాయి, మినిమమ్ డ్యూ కడుతున్నాం. సేవింగ్స్‌లో 40 వేలున్నాయి. మాది సరైన ఆలోచనేనా?

జవాబు: కాదు. లోన్ తీసుకోకండి. తగ్గింపు చూసి అప్పుకు వెళ్లే దంపతులు చాలామంది ఉన్నారు కాబట్టి లెక్క వివరంగా చెబుతాను. ఏడాది ఫీజు 1,80,000లో 10 శాతం పోగా కట్టాల్సిన 1,62,000 అప్పుకు 12 నెలల ఈఎంఐ దాదాపు 14,700. వడ్డీ 14,400 దాకా అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుంటే జీఎస్టీతో కలిపి మరో 3,800. అంటే 18 వేల తగ్గింపు కోసం 18,200 ఖర్చు పెడుతున్నారు!

ఆ 200 పోతే పోయింది. పాప అక్కడ ఇమడకపోయినా, మీ ఆఫీసు మారినా, సెంటరే మూతపడినా ముందుగా కట్టిన ఫీజు రాబట్టుకోవడం కష్టం. ఈఎంఐ మాత్రం ఆగదు. దానికి తోడు కొత్త డేకేర్‌లో మళ్లీ అడ్మిషన్, మళ్లీ నెల ఫీజు. నెలనెలా కట్టుకుంటూ పోతే ఈ చిక్కే లేదు.

కార్డు బాకీ ఈ రోజే సేవింగ్స్ నుంచి తీర్చేయండి. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 20 వేలకు 700, దానిపై జీఎస్టీ 126. బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికీ మొదటిరోజు నుంచే వడ్డీ పడుతుంది. ఖాతాలో 40 వేలు ఉంచుకుని ఇలా కట్టడం ఏమిటండీ?

మీకు అసలు లేనిది అత్యవసర నిధి. దాన్ని లెక్కగట్టేటప్పుడు చాలామంది డేకేర్ ఫీజును వదిలేస్తారు. ఒకరి ఉద్యోగం పోతే వాళ్లే ఇంట్లో పాపను చూసుకుంటారు కదా అని ధీమా. ఇంటర్వ్యూలకు ఎవరు వెళ్తారు? సీటు వదులుకుంటే, ఉద్యోగం దొరికాక మళ్లీ ఖాళీ కోసం ఎదురుచూడాలి. అందుకే 38, 9, 15 కలిపి నెలకు 62 వేలు, ఆరు నెలలకు 3,72,000 మీ లక్ష్యం. ఖర్చులు పోను మీకు మిగిలేది 16 వేలు. అందులో 12 వేలు జీతం పడిన మర్నాడే ఆర్డీకి (బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వెళ్లిపోవాలి. సేవింగ్స్‌లో మిగిలిన 20 వేలతో కలిపి ఏడు నెలల్లో లక్ష దాటుతుంది. బోనస్, ఇంక్రిమెంట్ ఏది వచ్చినా ముందు ఇందులోకే. ఇది పూర్తయ్యేదాకా సిప్‌ల (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడి) జోలికి వెళ్లకండి.

తక్కిన 4 వేలనూ ఖర్చు చేసేయకండి. జ్వరం ఉన్న బిడ్డను డేకేర్‌లో తీసుకోరు. చేరిన కొత్తలో జలుబు, జ్వరాలు తరచూ వస్తాయి. సెలవులు అయిపోతే మీ జీతంలో రోజుకు 1,200 కోత పడుతుంది. ఆ రోజుల్లో ఆయాను పిలవాలన్నా డబ్బు కావాలి.

ఉద్యోగం మానే ఆలోచన ఉంటే, 15 వేలను మీ జీతంలోంచే తీసేసి చూడకండి, పాప ఇద్దరిదీ. అమ్మగారో అత్తగారో కొన్నాళ్లు ఉండగలిగితే మంచిదే.

50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ (ఉద్యోగుల పిల్లలను చూసుకునే కేంద్రం) సౌకర్యం కల్పించాలన్న నిబంధన ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చింది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. మీ సంస్థలో ఈ సౌకర్యం ఉందేమో హెచ్‌ఆర్‌ను నోటిమాటగా కాకుండా మెయిల్‌లో అడగండి. అదే మెయిల్‌లో పాప పేరు గ్రూపు హెల్త్ పాలసీలో చేరిందో లేదో కూడా అడిగేయండి.