పన్నెండు నెలల మాట ఇవ్వకు

చిరంజీవి చిన్నమ్మాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ఒప్పందం కాగితాలు రెండుసార్లు చదివాను. రావులపాలెంలో కొట్టు తీసుకున్నావని, అదీ సేంద్రియ సరుకు కోసమేనని తెలిసినప్పుడు నాకెంత సంతోషం కలిగిందో మీ నాన్నను అడుగు. కాని మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘ఏడాది పొడవునా, రోజూ, 24 రకాలు’ అని హైదరాబాదు దుకాణాల వాళ్లు రాశారు. ఆ వాక్యం కొట్టేయించు. మిగతా పేజీలు ఎంత బాగున్నా సరే, ఆ ఒక్క మాట నిన్ను అబద్ధంలోకి దింపుతుంది.

ఎలా దింపుతుందో నాకు తెలుసు, నేను దిగినవాణ్ని. ఒక శ్రావణమాసంలో మందు కొట్టని చక్కెరకేళి పంపుతానని పట్నం వ్యాపారికి మాటిచ్చాను. వరలక్ష్మీ వ్రతం ముందు గోదావరి పొంగింది. నేను గెలలు కొనే లంక తోటలు, అంటే నది మధ్య దిబ్బల మీది తోటలు, మునిగిపోయాయి. లారీ వచ్చి నిలబడింది. యార్డులో దొరికిన మామూలు గెలలు కొని, ఎప్పటిలాగే రైతుల పేర్ల చీటీలు కట్టి పంపడానికి సిద్ధమయ్యాను. లోడు ఎక్కుతుండగా ఆ రైతుల్లో ఒకరు బాకీ డబ్బు కోసం వచ్చారు. మోకాళ్ల దాకా ఒండ్రు మట్టి ఇంకా ఆరలేదు. ఒక గెల దగ్గర వంగి, చీటీ చేతిలోకి తీసుకుని చదివి, ‘షావుకారు గారూ, నా తోట నీళ్లలో ఉంది. ఈ గెల మీద నా పేరెందుకుంది?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. డబ్బు తీసుకుని వెళ్లిన మనిషి మళ్లీ నా గడప తొక్కలేదు. కొన్నవాడికి ఆ మోసం ఎన్నడూ తెలియలేదు కాని, నాకు మాత్రం ఆ చీటీ ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

అందుకే వాళ్లు అడిగిన జాబితా పక్కన పెట్టి, మన పంచాంగం వాళ్ల ముందు పెట్టు. మాఘ ఫాల్గుణాల్లో పొట్టు కూరకు లేత పనస. ఆ తర్వాత మామిడి: కొత్తపల్లి కొబ్బరి, రసాలు. ఎండలు ముదిరితే తాటి ముంజలు. తొలకరి నాటికి వాక్కాయలు. వినాయక చవితికి పాలవెల్లికి కట్టే పంపర పనస. కార్తీకంలో ఉసిరి, కంద, వాటి వెనుకే తేగలు. అరటి, కొబ్బరి, కొన్ని ఆకుకూరలు ఏడాదంతా దొరుకుతాయి, అదీ వరద కరుణిస్తే. మే నెలలో కాలీఫ్లవర్ కావాలని పట్టుబట్టేవారికి మన నేల మీద అది లేదని చెప్పు. కాలం కాని కాలంలో పండించాలంటే రైతు పురుగుతో పోరాడాలి, పోరాటానికి మందు కావాలి. మాట తప్పేది రైతైనా, తప్పించేది మనం ఇచ్చిన ఆర్డరే.

వరద విషయం ఒప్పందంలో విడిగా రాయించు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. ‘రెండో హెచ్చరిక వెలువడితే లంక సరుకు ఆగుతుంది, దానికి జరిమానా లేదు’ అన్న మాట కాగితం మీద ఉండాలి. ఆ రోజుల్లో రైతులు పక్వానికి రాని గెలలు కూడా హడావిడిగా కొట్టి తెస్తారు. అందరూ ధర పడగొట్టే సమయం అది. నువ్వు పడగొట్టవద్దు. చిప్స్ చేసేవాళ్లతో ముందే మాట్లాడుకుని ఉంటే ఆ పచ్చి కాయకు నీ దగ్గర దారి ఉంటుంది.

కాగితాల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు కనుక రెండు మాటలే. మందులు మానిన మర్నాటి నుంచి పంట సేంద్రియమైపోదు. ఏడాది పంటలకు రెండేళ్లు, మామిడి, కొబ్బరి లాంటి తోటలకు మూడేళ్లు మార్పిడి కాలం ఉంటుంది. రైతు ఎక్కువగా విరిగిపోయేది అక్కడే. దిగుబడి తగ్గుతుంది, ధర మాత్రం మామూలుదే వస్తుంది. ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం ఎరువు కలుపుకోవడానికి ఆవు ఉండాలి, చేసే ఓపిక ఉండాలి. ఆ మూడేళ్లు ‘మార్పిడిలో ఉన్న తోట’ అనే పేరుతోనే వాళ్ల సరుకు అమ్మిపెట్టు. కిలోకు ఒక రూపాయి ఎక్కువ ఇప్పించగలిగినా వాళ్లు నిలబడతారు. సేంద్రియమని ధ్రువీకరణ పత్రం చేతికి వచ్చాక పరుగెత్తుకు వచ్చే వ్యాపారులు చాలామంది ఉంటారు. అంతకు ముందు వెళ్లినవాళ్లనే రైతు గుర్తుపెట్టుకుంటాడు.

ఇప్పుడు మగ్గబెట్టడం. దీని మీద నిన్ను విసిగించేంత చెబుతాను. మా నాన్న చిన్న గదిలో గెలలు పేర్చి, కుండలో కొబ్బరి పీచు రాజేసి, తలుపు సందులకు మట్టి మెత్తేవారు. మర్నాడు తలుపు తీస్తే కళ్లు మండేవి కాని, పండు తీపిగా ఉండేది. తర్వాత కార్బైడ్ వచ్చింది. కాగితంలో చుట్టిన బూడిద రంగు గడ్డ, తేమ తగిలితే వెల్లుల్లి లాంటి వాసన. తొక్క పసుపెక్కుతుంది, కాడ పచ్చగానే ఉంటుంది, లోపల గుజ్జు గట్టిగా, చప్పగా ఉంటుంది. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు ఉంటాయి కనుకే చట్టం నిషేధించింది. నీ కొట్టులోకే కాదు, నువ్వు అద్దెకు తీసుకునే గదిలోకి కూడా రానివ్వకు. పక్క గది ఎవరిదో, అక్కడ ఏం జరుగుతుందో చూసుకున్నాకే అద్దెకు దిగు. కాయను పండించే ఇథిలీన్ వాయువు గది పెట్టుకుంటే చట్టం 100 పీపీఎం వరకు, అంటే పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్ల వరకు, అనుమతిస్తుంది. గది 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. 13 కంటే దిగితే తొక్క నల్లబడుతుంది, ఆ పండును ఇక ఎవరూ బాగుచేయలేరు. నీ సేంద్రియ సరుకుకు ఏ పద్ధతి చెల్లుతుందో ధ్రువీకరణ వాళ్ల నుంచి ముందే రాతలో తీసుకో. దూరం వెళ్లే గెల ముప్పావు పక్వంలో, కాయ అంచులు ఇంకా కాస్త తేలి ఉండగానే కొట్టించు.

గోనె సంచులు వద్దు, ట్రేలు కొను. అడుగున ఎండిన అరటాకు పరిస్తే కాయకు దెబ్బ తగలదు, ప్లాస్టిక్ నురగ వలల అవసరం రాదు. ఏరివేత సరుకు చెత్తబండికి ఎక్కించకు. తిరుగు బండిలో రైతుల ఎరువు గుంతలకే వెళ్లాలి.

తరుగు అనే మాట నీ కాటా దగ్గర వినపడకూడదు. మా తరం రైతు నుంచి నూటికి ఇన్ని కిలోలని తీసేసింది, అడిగే నోరు లేక వాళ్లు ఒప్పుకున్నారు. నువ్వు రైతుకిచ్చే లెక్క చీటీ, అదే పట్టీ, రాసేటప్పుడు బరువు, ధర, కమీషన్, హమాలీ విడివిడిగా రాసి, ఆ రోజే చేతికివ్వు. మా కొట్టు లెక్కల పుస్తకాలు కొన్ని అట్టపెట్టెలో పంపుతున్నాను. ఏ వారంలో ఏ సరుకు వచ్చిందో, ఏ వరదకు ఎన్నాళ్లు ఆగిందో వాటిలో ఉంది. 1986 ఆగస్టు పేజీలు నీళ్లలో నానాయి, మెల్లగా విడదీయాలి.

సంతకం పెట్టే ముందు ఒకసారి ఫోను చెయ్యి. తెల్లవారుజామున నాలుగు దాటితే మెలకువగానే ఉంటాను.

మీ పెద్దనాన్న