పూజగదిలో భయం

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు, లెక్చరర్. బయట అందరితో మామూలుగానే ఉంటారు. ఇంట్లో మాత్రం తెల్లవారుజామున మూడింటికి మొదలుపెట్టిన పూజ ఏడు దాటినా తెమలదు. మంత్రంలో ఒక్క అక్షరం తడబడిందనిపిస్తే మళ్లీ మొదటి నుంచి చదువుతారు. పదకొండేళ్ల మా అబ్బాయి స్కూలు నుంచి రాగానే తలస్నానం చేయందే గడప తొక్కనివ్వరు, జ్వరమొచ్చినా సరే. మైల కలిస్తే వాడికే కీడంటారు. చుట్టాలేమో ‘ఎంత నిష్ఠ!’ అని మెచ్చుకుంటారు. ఇది భక్తా, పిచ్చా? అడ్డుపడితే పాపమా?
– ఒక సోదరి, రాజమండ్రి

జవాబు: అమ్మా, నీళ్లలో నాని పగిలిన పిల్లాడి వేళ్లకు, వాడు నిద్రపోయాక, ఆయన చూడకుండా కొబ్బరినూనె రాస్తున్నానని చివర్లో రాశారు. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. సొంతింట్లో కన్నబిడ్డకు నూనె రాయడానికి చాటు వెతుక్కోవాల్సి వస్తోంది మీకు.

నియమంగా పూజ చేసుకునేవాళ్లంటే నాకు గౌరవం. పీట మీద నుంచి లేచేసరికి వాళ్ల మనసు తేలికపడుతుంది. మీవారేమో చెమటలు పట్టి లేస్తున్నారు, ‘సరిగ్గానే చదివానా?’ అని మిమ్మల్ని పదిసార్లు అడుగుతున్నారు. అది భయం. వద్దన్నా అనుమానాలు తెచ్చి, చేసిందే మళ్లీ మళ్లీ చేయించే ఓసీడీ అనే జబ్బు మడి రూపంలో, దైవభయం రూపంలో కూడా వస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి అదే అనిపిస్తోంది, ఖాయంగా చెప్పాల్సింది సైకియాట్రిస్టే. పిచ్చి అన్న మాట మాత్రం ఇంట్లో వాడకండి. తను చేసేది అతి అని ఆయనకూ లోపల తెలిసే ఉండొచ్చు, ఆగలేకపోతున్నారు.

‘సరిగ్గానే చదివారండీ’ అని మీరు ప్రేమతో చెప్పిన ప్రతిసారీ కాసేపు కుదుటపడతారు, తర్వాత అనుమానం ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఇకమీదట, ‘మీకు టెన్షన్‌గా ఉందని తెలుసు. మళ్లీ చెప్తే అది పెరుగుతుంది, అందుకే చెప్పట్లేదు’ అనండి. దేవుడి గురించి మాత్రం వాదన పెట్టుకోకండి.

సైకియాట్రిస్టు రాసే మందులు గుణం చూపడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు, మధ్యలో మానేయకూడదు. వాటితో పాటు థెరపీలో, అక్షరం తడబడినా వెనక్కి వెళ్లకుండా చదువుకుంటూ పోవడం లాంటివి కొద్దికొద్దిగా అలవాటు చేయిస్తారు. పూజ మానమని ఎవరూ అనరు, ఈ సంగతి ఆయనకు ముందే చెప్పండి. డాక్టర్ దగ్గరికి రానంటే మీరే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పిల్లాడి విషయంలో మాత్రం ఆయన బాగయ్యేదాకా ఆగొద్దు. పాపమా అని అడిగారు కదా. ‘ఆతురే నియమో నాస్తి’, అంటే జబ్బుపడ్డవాళ్లకు నియమం లేదు అన్నది మన పెద్దలే, ఆ వెంటనే ‘బాలే వృద్ధే’ అని పిల్లలకూ ముసలివాళ్లకూ నియమం సడలించారు. రేపటి నుంచి వాడు కాళ్లూ చేతులూ కడుక్కుని లోపలికి రావాలి. గొడవవుతుంది. ఆ సాయంత్రం మీ అన్నయ్యనో, మామగారినో దగ్గరుండమనండి. మీవారు చెయ్యి చేసుకుంటే పిల్లాణ్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోండి.

వాడు ఈమధ్య స్కూల్లో బెంచీ తాకడానికి కూడా వెనకాడుతున్నాడని రాశారు. డాక్టర్ దగ్గర ఆ సంగతి మర్చిపోకుండా చెప్పండి, వాడినీ వెంట తీసుకెళ్లండి.