మోకాళ్ల నొప్పికి కరెంటు, అల్ట్రాసౌండ్ పెట్టించడం వల్ల నిజంగా ఉపయోగం ఉందా?

మీరు అడిగింది ఇది. అమ్మగారికి 62 ఏళ్లు, రెండు మోకాళ్లలో గుజ్జు అరిగిందన్నారు, షుగర్ కూడా ఉంది. సెంటర్‌లో పదిహేను సిట్టింగులు రాసి రోజూ హాట్ ప్యాక్, ఐఎఫ్‌టీ (ప్యాడ్లతో కరెంటు పెట్టడం), అల్ట్రాసౌండ్ పెడుతున్నారు. పెట్టిన పూట హాయిగా ఉంటోంది, మర్నాటికి మళ్లీ మామూలే. ఇది డబ్బు దండగా, ఇంటికే ఒక టెన్స్ మెషిన్ (ప్యాడ్లతో చర్మం మీద నుంచి కొద్దిపాటి కరెంటు పంపే చిన్న మెషిన్) కొనుక్కుంటే సరిపోతుందా అని.

నేను ఫిజియోథెరపిస్టుని, రోజూ ఈ మెషిన్లతోనే పని. ఇవి నొప్పిని కాసేపు తగ్గిస్తాయి, అరిగిన గుజ్జును తిరిగి తేలేవు. నొప్పి తగ్గిన ఆ కాసేపట్లో అమ్మగారి చేత ఏం చేయిస్తున్నారన్నదే అసలు సంగతి. మీరు అంత వివరంగా రాశారు గానీ, అందులో వ్యాయామం మాట ఒక్కచోట కూడా లేదు. నాకు టెన్షన్‌గా అనిపించింది అదే.

మన దగ్గర అందరూ ‘కరెంటు పెట్టడం’ అనే ఐఎఫ్‌టీ సంగతి ముందు చెబుతాను. తక్కువ ఫ్రీక్వెన్సీ కరెంటును చర్మం బాగా అడ్డుకుంటుంది. అందుకని 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే రెండు కరెంట్లను నాలుగు ప్యాడ్లతో ఒకదానికొకటి అడ్డంగా పంపిస్తారు. ఆ రెండింటి మధ్య కొద్దిగా తేడా పెడతారు, 100 హెర్ట్జ్ అనుకోండి. అవి లోపల కలిసిన చోట ఆ తేడా మేరకు నరాలు స్పందిస్తాయి. అమ్మగారికి చీమలు పాకినట్టు జుమ్ జుమ్మని తెలిసేది అదే. ఇలా స్పర్శ సంకేతాలు వెన్నుపాముకు ఎక్కువగా చేరితే నొప్పి సంకేతాలు పైకి పోవడం తగ్గుతుందని 1965లో మెల్‌జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారు. గుమ్మానికి మోచెయ్యి తగిలితే వెంటనే చేత్తో రుద్దుకుంటాం, కాస్త ఊరటగా ఉంటుంది. ఇదీ అలాంటిదే. మెషిన్ ఆపాక ఆ ఊరట ఎక్కువసేపు నిలవదు.

అల్ట్రాసౌండ్‌లో కరెంటు ఒంట్లోకి పోదు, శబ్ద తరంగాలు పోతాయి. గాలిలోంచి అవి సరిగా వెళ్లవు కాబట్టి జెల్ రాస్తారు. 1 మెగాహెర్ట్జ్ అయితే కాస్త లోతుకు, 3 మెగాహెర్ట్జ్ అయితే పైపైన పనిచేస్తుంది. దాని హెడ్డును నెమ్మదిగా తిప్పుతూనే ఉండాలి, ఒకేచోట ఆపేస్తే లోపల వేడెక్కి నొప్పి పుడుతుంది. మీకున్న మూడింట్లో ఏదైనా ఒకటి మానేయాల్సి వస్తే నేను ముందు దీన్నే మానేస్తాను.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం అనుకోకండి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ, కీళ్ల అరుగుదలకు టెన్స్, ఐఎఫ్‌టీ, అల్ట్రాసౌండ్, లేజర్ వాడవద్దని, మేలు చేస్తాయనడానికి తగిన ఆధారం లేదని 2022లో చెప్పింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ కూడా 2019లో మోకాలి అరుగుదలకు టెన్స్ వద్దంది. వేడి, ఐస్ మాత్రం పరిస్థితిని బట్టి వాడుకోవచ్చంది. వ్యాయామం తప్పక చేయించాలని రెండూ గట్టిగా చెప్పాయి.

అయినా నేను కొందరికి ఐఎఫ్‌టీ పెడతాను. పత్తి ఏరడానికి వెళ్లే ఒకావిడ మా దగ్గరికి వచ్చింది. ‘కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను, కరెంటు పెట్టండి మేడమ్ చాలు’ అంది. మోకాలు వంచమంటేనే భయపడేది. పావుగంట కరెంటు పెట్టి, ప్యాడ్లు తీసిన వెంటనే ఎత్తు కుర్చీలోంచి లేచి నిలబడడం, మళ్లీ మెల్లగా కూర్చోవడం చేయించేదాన్ని. నొప్పి తక్కువున్నప్పుడు చేసింది కాబట్టి ధైర్యం వచ్చింది. కొన్ని వారాలకు తొడ కండ గట్టిపడింది, కరెంటు అడగడం తనే మానేసింది. ఇలా వాడితే మెషిన్ పెట్టినందుకు ఫలితం ఉంటుంది. పెట్టి, తీసేసి, ‘రేపు రండమ్మా’ అని పంపిస్తే ఏం మిగలదు.

ఇక షుగర్ సంగతి. దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకు కాళ్లలో స్పర్శ మొద్దుబారి ఉండొచ్చు, ఆ సంగతి వాళ్లకే తెలియకపోవచ్చు. హాట్ ప్యాక్‌ను తీసేది సుమారు 70 డిగ్రీలు దాటిన నీళ్లలోంచి. ఆరు నుంచి ఎనిమిది పొరల టవల్ చుట్టి పెట్టాలి. పెట్టే ముందు రెండు గాజు గొట్టాల్లో ఒకదాంట్లో వేడి నీళ్లు, ఒకదాంట్లో చల్లటి నీళ్లు పోసి, కళ్లు మూయించి, చర్మానికి తాకించి ఏది ఏదో అడగాలి. అమ్మగారికి ఈ పరీక్ష చేశారా? చేయకపోతే రేపే చేయమనండి. పెట్టిన అయిదు నిమిషాలకు ఒకసారి ప్యాక్ ఎత్తి చర్మం చూడాలి. ఒకే తీరుగా లేత ఎరుపుంటే పర్వాలేదు. ఎర్ర మచ్చలు, తెల్ల మచ్చలు కలగలిసి కనిపిస్తే తీసేయాలి.

ఇంట్లో కాపడానికీ ఇదే వర్తిస్తుంది. ఉప్పు మూటైనా, వావిలాకు నీళ్లైనా, వేడి నీళ్ల బ్యాగైనా మీ మోచేతికి తాకించుకుని చూశాకే అమ్మకు పెట్టండి. ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి కాపడం పెట్టుకున్న ఒక పెద్దాయన కాలి నిండా బొబ్బలతో వచ్చారు. ‘మంటే తెలియలేదమ్మా’ అన్నారు. షుగర్ వల్ల ఆ పుండు మానడానికి నెలలు పట్టింది.

ఎవరైనా ఎస్‌డబ్ల్యూడీ (షార్ట్‌వేవ్ డయాథర్మీ) పెడతామంటే జాగ్రత్త, అది 27.12 మెగాహెర్ట్జ్ తరంగాలతో లోపలిదాకా వేడి పుట్టించే మెషిన్. పట్టీలు, మెట్టెలు, గాజులు తీయించాలి, చెమట తుడవాలి. ఒంట్లో ఆ భాగంలో రాడ్లు, ప్లేట్లు ఉన్నా, మోకాలి చిప్ప మార్పిడి అయినా అది పెట్టకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ గదిలోకే రాకూడదు.

టెన్స్ మెషిన్ కొనడం తప్పేం కాదు. పేస్‌మేకర్ ఉంటే మాత్రం వద్దు, స్పర్శ లేని చోట, పుండు మీద ప్యాడ్లు అంటించకూడదు. కానీ నన్నడిగితే, ఇంట్లో ఇండియన్ టాయిలెట్ ఉంటే ఆ డబ్బు వెస్ట్రన్ కమోడ్ మార్పించడానికి దాచండి. రోజూ గొంతుక్కూర్చుని లేచే బాధ తప్పితే మోకాళ్లకు చాలా తెరిపి.

వ్యాయామం ఇవాళే మొదలుపెట్టొచ్చు. కాళ్లు చాపి కూర్చోబెట్టి, మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని కిందికి నొక్కమనండి. తొడ కండ బిగుస్తుంది. అయిదు లెక్కపెట్టి వదలాలి, ఒక్కో కాలికి పదేసి సార్లు, పొద్దునా సాయంత్రం. ఇది తేలికయ్యాక కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం. చేసేటప్పుడు కాస్త నొప్పి వస్తుంది, మర్నాటికల్లా తగ్గిపోతే భయం లేదు. తగ్గకపోతే మానేయకండి, సంఖ్య తగ్గించండి. కనీసం ఆరు వారాలు చేస్తేనే బలం తెలుస్తుంది.

సెంటర్‌లో ఈ మాట అడగండి: ‘మెషిన్ తర్వాత అమ్మ చేత ఏ వ్యాయామం చేయిస్తారు, వారం వారం దాన్ని ఎలా పెంచుతారు?’ సరైన జవాబు వస్తే మిగిలిన సిట్టింగులు పూర్తి చేయండి. రాకపోతే వేరే ఫిజియోని చూడండి. మోకాలు ఎర్రగా వాచి వేడిగా ఉన్నా, జ్వరం ఉన్నా, పిక్క ఒక్కటే వాచి నొప్పిగా ఉన్నా కాపడాలు ఆపేసి ముందు డాక్టరుకు చూపించండి. వాపు ఉందో లేదో మీరు రాయలేదు. అదీ, అమ్మగారికి షుగర్ ఎన్నేళ్ల నుంచి ఉందో కూడా రాస్తే, ఐస్ మంచిదా వేడి మంచిదా చెబుతాను.