మాట కన్నా ముందు చూపుడు వేలిని గమనించండి

ప్రశ్న: మా బాబుకు 20 నెలలు. ఏడాది వయసులో ‘అమ్మ’, ‘తాత’ అనేవాడు. నాలుగు నెలలుగా ఆ మాటలూ లేవు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ఫోనులో పాట పెడితే మాత్రం పక్క గదిలోంచి పరుగెత్తుకొస్తాడు. బొమ్మ కారును తిరగేసి చక్రాలు తిప్పుతూ కూర్చుంటాడు. ‘వాళ్ల నాన్నకూ మూడేళ్లకే మాటలొచ్చాయి’ అంటున్నారు మా అత్తగారు. ఇంకొన్నాళ్లు చూడమంటారా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: వద్దమ్మా, ఇక ఆగకండి. మాటలు ఆలస్యం కావడం వేరు, వచ్చిన మాటలు పోవడం వేరు. వచ్చిన మాట పోతే ఏ వయసులోనైనా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాల్సిందే.

కొందరికి మాటలు ఆలస్యంగా వస్తాయన్నది నిజమే. కానీ ఆ పిల్లలు నోరు విప్పకుండానే ఎన్నో చెబుతారు. వీధిలో కుక్కను వేలితో చూపించి, మనమూ చూశామా అని మన ముఖంలోకి చూస్తారు. గోరుముద్దలు తినిపిస్తూ మీరు చందమామను చూపిస్తే మీ బాబు అటు చూస్తాడా? బిస్కట్ కావాలంటే డబ్బా వైపు వేలు చూపిస్తాడా, లేక మీ ముఖం చూడకుండానే చేయి పట్టుకుని లాక్కెళ్లి డబ్బా మీద పెడతాడా? ఆటిజం (ఎదుటివారితో కలవడం, మాట్లాడటం కష్టమయ్యే ఎదుగుదల సమస్య) అనుమానం ఉన్నప్పుడు నేను ముందుగా అడిగేవి ఇవే. చక్రాలు తిప్పడం ఒక్కటే అయితే అంతగా పట్టించుకోను. పిలిస్తే పలకకపోవడం, మాటలు పోవడం దానికి తోడయ్యాయి కాబట్టే తొందరపెడుతున్నాను.

మీరు రాసినదాన్ని బట్టి ఆటిజమని తేల్చలేను. ముందు వినికిడి పరీక్ష చేయించండి. పాటకు వస్తున్నాడు కదా అని వదిలేయవద్దు. కొన్ని శబ్దాలు వినిపించి, కొన్ని వినిపించని పిల్లలుంటారు. 16 నుంచి 30 నెలల పిల్లల్లో ఆటిజం లక్షణాలను పసిగట్టేందుకు ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పట్టిక ఉంది. అందులో అనుమానం వస్తే వివరంగా పరీక్షిస్తారు. నిర్ధారణ అయ్యేదాకా స్పీచ్ థెరపీ కోసం ఎదురుచూడనక్కర్లేదు.

మీ పెంపకంలో లోపం వల్లో, టీకాల వల్లో ఆటిజం రాదు. తట్టు-రుబెల్లా రెండో డోసు వేయించాల్సిన వయసు ఇదే, మానకండి. ఫోను మాత్రం పక్కన పెట్టి, ఆ సమయమంతా బాబుకు ఎదురుగా కూర్చుని ఆడించండి. మూలకణాల చికిత్సతో నయం చేస్తామనే వారికి రూపాయి కూడా ఇవ్వకండి.

జిల్లా ప్రభుత్వాసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే) కేంద్రం ఉందేమో కనుక్కోండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం నడిచే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలోనూ చూపించవచ్చు. వెళ్లేముందు ఇంట్లో బాబు ఆడుకుంటున్నప్పుడు, మీరు పిలుస్తున్నప్పుడు రెండు మూడు వీడియోలు తీసుకోండి. కొత్త చోట పిల్లలు ఎలాగూ బెదురుతారు. డాక్టరుకు ఆ వీడియోలే ఎక్కువ చెబుతాయి.