బల్లి భయం అమ్మ నుంచి వచ్చిందా?

సమస్య: నాకు 29 ఏళ్లు. బల్లి కనిపిస్తే గుండెదడ, చెమటలు. వంటింట్లో ట్యూబ్‌లైటు దగ్గర ఒకటుంటే ఆ పూట వంట మావారిదే. మా అమ్మకూ ఇంతే. చెల్లికి మాత్రం ఏ భయమూ లేదు. జన్యువుల్లోనే ఉంటే ఇక తగ్గదా? మా నాలుగేళ్ల పాపకూ వస్తుందా? జన్యు పరీక్ష చేయించుకోమంటారా?
– ఒక సోదరి, గాజువాక

సలహా: పరీక్ష వద్దు. ఆ డబ్బు చికిత్సకు ఉంచుకోండి.

కవలలపై జరిగిన అధ్యయనాలను బట్టి ఇలాంటి ఫోబియాల్లో (ఒకదానిపై మితిమీరిన భయాల్లో) జన్యువుల వాటా సుమారు మూడో వంతు. మీ అమ్మగారి నుంచి త్వరగా బెదిరే గుణం వచ్చి ఉండొచ్చు. దానికి బల్లిని జతచేసింది మాత్రం చిన్నప్పటి నుంచీ ఇంట్లో చూసినదీ, విన్నదీ. తోబుట్టువులకు ఒకే రకం జన్యువులు రావు, కాబట్టి మీ చెల్లెలి ధైర్యంలో వింతేం లేదు.

మెదడులో బాదంగింజంత ఉండే అమిగ్డలా ప్రమాదాన్ని పసిగట్టి, మనం ఆలోచించేలోపే గుండె వేగం పెంచుతుంది. నుదుటి వెనకున్న భాగం తర్వాత దాన్ని శాంతింపజేస్తుంది. సెరటోనిన్ అనే మెదడు రసాయనం రవాణాకు సంబంధించిన జన్యువులో పొట్టి రూపం ఉన్నవారికి, భయపడుతున్న ముఖాలు చూపిస్తే అమిగ్డలా ఎక్కువగా స్పందించిందని 2002లో స్కానింగుల్లో గమనించారు. ఆ తేడా మొదట అనుకున్నంత పెద్దది కాదని తర్వాత తేలింది. మరో మెదడు రసాయనం డోపమైన్‌ను విరగ్గొట్టే జన్యువు నెమ్మది రకమైతే పాత భయం కరగడానికి ఎక్కువ సమయం పడుతుందని కొన్ని ప్రయోగాలు చెబుతున్నాయి. వీటిలో దేన్ని పట్టుకునీ మీ ఒక్కరి సంగతి తేల్చలేం.

తగ్గించేది ఎక్స్‌పోజర్ థెరపీ, అంటే భయపెట్టేదాన్ని మెట్టుమెట్టుగా ఎదుర్కోవడం. భయానికి 0 నుంచి 100 వరకు మార్కులు వేసుకోండి. మెట్లు ఇవీ: ఫొటో, వీడియో, కిటికీ అద్దానికి అవతలున్న బల్లి, చివరికి అదే గదిలో పదడుగుల దూరంలో ఉన్నది. 30–40 మార్కుల మెట్టుతో మొదలుపెట్టి, అవి సగానికి దిగేదాకా చూపు తిప్పకండి. 20 నిమిషాలు పట్టొచ్చు, 45 కూడా పట్టొచ్చు. చాలామంది తడబడేది ఇక్కడే. భయం బాగా పెరిగినప్పుడు బయటికి పరుగెడితే ‘పారిపోబట్టే బతికాను’ అన్న పాఠం మెదడులో ఇంకా గట్టిపడుతుంది. చేతిలో చీపురు పట్టుకున్నా, మీవారిని ముందు గదంతా చూసి రమ్మన్నా అంతే. సాధనకు ముందు అల్ప్రాజొలమ్ (ఆందోళన తగ్గించే మాత్ర) వేసుకుంటే ధైర్యం మాత్ర ఖాతాలో పడుతుంది. రోజూ వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపకండి. వంటింట్లో తగ్గిన భయం బాత్‌రూమ్‌లో మళ్లీ లేస్తుంది, అందుకే గదులు మార్చి, రాత్రిళ్లు కూడా చేయండి. బల్లిని పట్టుకోవాల్సిన పనేమీ లేదు. గోడబల్లికి విషమూ లేదు. పంచాంగంలో బల్లిపాటు ఫలితాలు చూసే అలవాటుంటే కొన్నాళ్లు పక్కన పెట్టండి.

పాప బల్లిని చూడగానే మీ ముఖం చూస్తుంది. కేక వేయకుండా ‘బల్లి దోమల్ని తింటోందమ్మా’ అని మామూలు గొంతుతో అనండి. మీ మొదటి మెట్లు తను ఇంట్లో లేనప్పుడు ఎక్కండి.

గర్భం, గుండె జబ్బు, స్పృహ తప్పడం ఉంటే మీరుగా మొదలుపెట్టొద్దు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకో, కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) సైకియాట్రీ ఓపీకో వెళ్లండి. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.